మబ్బుల దేశం కట్టిన కరెంటు బిల్లు

జర్మనీ పశ్చిమ అంచున, బెల్జియం, నెదర్లాండ్స్ సరిహద్దులను ఆనుకుని ఆఖెన్ అనే పాత నగరం ఉంది. ఏడాది పొడుగునా అక్కడ కాసే ఎండ మన అనంతపురం ఎండలో సుమారు సగం. అయినా సోలార్ కరెంటును వ్యాపారంగా నిలబెట్టిన లెక్క ఆ మబ్బుల కిందే రూపుదిద్దుకుంది. దాని వెనుక మొదట నిలిచినవాడు శాస్త్రవేత్త కాదు. వోల్ఫ్ ఫాన్ ఫాబెక్ అనే మాజీ సైనికాధికారి.

సోలార్ సెల్ అప్పటికే పాత సంగతి. 1954లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ సిలికాన్ సెల్‌ను లోకానికి చూపించింది. మీద పడిన ఎండలో 6 శాతం దాకా కరెంటుగా మార్చేది. నాలుగేళ్లకు వాన్‌గార్డ్-1 ఉపగ్రహంలో చేరింది. అంతరిక్షంలో ధర ఎవరూ అడగరు, నేల మీద అదే మొదటి ప్రశ్న. 1979లో అమెరికా అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ వైట్‌హౌస్ పైకప్పు మీద పెట్టించినవి కూడా కరెంటు ఇచ్చేవి కావు, నీళ్లు కాచే పలకలే. తర్వాతి అధ్యక్షుడు రీగన్ హయాంలో, 1986లో, వాటినీ దించేశారు.

జర్మనీలో 1991 నుంచి గాలి, ఎండ, నీటి నుంచి వచ్చే కరెంటును కొని తీరాలన్న చట్టం ఉండేది. దాని కింద ఇచ్చే ధరతో గాలిమరలు గట్టెక్కాయి. సోలార్‌కు అది ఏ మూలకూ చాలలేదు. ఫాబెక్ బృందం అడిగింది సూటి ప్రశ్న: పెట్టినవాడి ఖర్చు తిరిగొచ్చేంత ధర ఎందుకివ్వకూడదు? యూనిట్‌కు 2 మార్కులు (అప్పటి జర్మనీ కరెన్సీ), 20 ఏళ్ల పాటు. ఆ సొమ్ము ఖజానా నుంచి కాకుండా ఊళ్లో కరెంటు వాడేవాళ్లందరి బిల్లుల్లోంచి తలా కాస్త రావాలి. ఏళ్ల తరబడి వాదులాట తర్వాత 1990ల మధ్యలో ఆఖెన్‌లో ఇది అమలైంది. ఈలోగా బవేరియాలోని హమ్మెల్‌బర్గ్ అనే చిన్న పట్టణంలో హన్స్-యోసెఫ్ ఫెల్ అనే కౌన్సిలర్ ఇలాంటిదే సాధించాడు.

ఆ ఫెల్ 1998లో గ్రీన్స్ పార్టీ తరఫున పార్లమెంటుకు వెళ్లాడు. అక్కడ సోషల్ డెమోక్రాట్ హెర్మన్ షేర్ తోడయ్యాడు. 2000 ఫిబ్రవరి 25న పార్లమెంటు ఆమోదించి, ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి తెచ్చిన చట్టం సోలార్ యూనిట్‌కు 99 ఫెనిగ్‌లు, అంటే దాదాపు ఒక మార్కు, ఇస్తామంది. అదీ 20 ఏళ్ల పాటు. అయితే 2002 నుంచి కొత్తగా పెట్టేవాళ్లకు ఈ ధర ఏటా 5 శాతం తగ్గుతుంది. ఆలస్యం చేస్తే నష్టమని కొనేవాడికీ, ఖర్చు తగ్గించుకోకపోతే సరుకు అమ్ముడుపోదని తయారీదారుకూ ఒకే వాక్యంలో చెప్పారు.

ఈ చట్టం బలం తెలియాలంటే బ్యాంకు మేనేజరు కుర్చీలో కూర్చుని చూడాలి. బొగ్గు ప్లాంటుకు రోజూ బొగ్గు కొనాలి. సోలార్‌కు ఇంధనం ఖర్చు లేదు, పెట్టుబడి దాదాపు అంతా మొదటి రోజే. అంచేత యూనిట్ ఖర్చులో అప్పు మీద వడ్డీదీ పెద్ద వాటాయే. 20 ఏళ్ల రాబడికి చట్టమే పూచీ పడితే బ్యాంకుకు భయమేముంది? బవేరియా రైతులు గడ్డివాముల షెడ్ల మీద కూడా ప్యానెళ్లు పరిచారు.

బిల్లు మాత్రం పెరిగింది. 2004లో పర్యావరణ మంత్రి యుర్గెన్ ట్రిటిన్ ఒక కుటుంబానికి నెలకు అయ్యేది ఐస్‌క్రీమ్ ఖరీదేనన్నాడు. ఆ మాట ఆయన్ని ఇప్పటికీ వదల్లేదు. పదేళ్లకు యూనిట్ మీద అదనపు భారం 6.24 సెంట్లకు చేరింది. సొంత పైకప్పు ఉన్నవాడు సంపాదించాడు, అద్దె ఇంట్లో ఉన్నవాడు కట్టాడు. ఈ అన్యాయాన్ని ఆ చట్టాన్ని మెచ్చుకునేవాళ్లు తరచూ దాటేస్తారు. 2022 జూలైలో గానీ ఆ భారం బిల్లుల్లోంచి పోలేదు.

ఆ డబ్బు ఎక్కడికి వెళ్లింది? అందులో కొంత చైనాకు. ఆస్ట్రేలియాలో సోలార్ సెల్ పరిశోధకుడు మార్టిన్ గ్రీన్ దగ్గర పీహెచ్‌డీ చేసిన షీ జెంగ్‌రాంగ్ 2001లో వూషీ నగరంలో సన్‌టెక్ అనే సోలార్ కంపెనీ పెట్టాడు. 2005 చివర్లో అది న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీకి ఎక్కింది. యూరప్ గిరాకీకి ముడి సిలికాన్ చాలక 2008లో కిలో 400 డాలర్లు దాటింది. ఆ లాభం చూసి అందరూ ఫ్యాక్టరీలు కట్టారు, సరుకు గుట్టలు పడింది, ధర కుప్పకూలింది. ఒకప్పుడు ప్రపంచంలో అతిపెద్ద సెల్ తయారీ సంస్థగా వెలిగిన జర్మనీ క్యూ-సెల్స్ 2012లో దివాలా తీసింది. మరుసటి ఏడాది సన్‌టెక్ కూడా అదే దారి పట్టింది. గెలిచినవాళ్లనూ మింగిన చౌక అది.

మన దేశం ఆ చౌక మొదలైన వేళకు బరిలోకి దిగింది. 2010లో జాతీయ సోలార్ మిషన్ మొదలైనప్పుడు కేంద్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ యూనిట్‌కు లెక్కగట్టిన ధర 17.91 రూపాయలు. ఆ ఏడాది చివరి వేలంలోనే 10.95కు పాడారు. 2017 ఏప్రిల్‌లో కడప ప్లాంటుకు 3.15, మే నెలలో రాజస్థాన్‌లోని భడ్లాకు 2.44.

కొత్త ధర కళ్లముందు కనిపిస్తుంటే పాత ఒప్పందం గుచ్చుకోవడం సహజం. స్పెయిన్‌కూ అలాగే గుచ్చుకుంది. 2008లో ఎగబడి ప్లాంట్లు పెట్టించి, ఆర్థిక సంక్షోభం రాగానే 2010 నుంచి పాత ప్లాంట్ల రాబడికీ కోత పెట్టింది. ఫలితంగా పదుల సంఖ్యలో అంతర్జాతీయ వ్యాజ్యాలు తలకెత్తుకుంది. జర్మనీ కొత్త ధరలను ఎంత కోసినా, 20 ఏళ్ల మాట ఇచ్చిన పాత ప్లాంట్ల ధర జోలికి పోలేదు.

2019 జూలైలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గాలి, సోలార్ ఒప్పందాల ధరలను సమీక్షించడానికి కమిటీ వేసింది. కంపెనీలు కోర్టుకు వెళ్లాయి. కేసు తేలేదాకా సోలార్‌కు యూనిట్‌కు 2.44 రూపాయల చొప్పున చెల్లించమని హైకోర్టు సింగిల్ జడ్జి మధ్యంతరంగా చెప్పారు. కరెంటు పంపిణీ సంస్థలైన డిస్కంలు నష్టాల్లో ఉన్న మాట నిజం, వినియోగదారుడి మీద భారం తగ్గాలన్న వాదనా కాదనలేనిది. కానీ సంతకం చేసిన ధర మారుతుందని తెలిస్తే తర్వాతి ప్లాంటుకు అప్పిచ్చేవాడు వడ్డీ పెంచుతాడు, అదీ ఆ వినియోగదారుడి బిల్లులోకే వస్తుంది. 2022 మార్చి 15న డివిజన్ బెంచ్ ఒప్పందాల్లోని ధరను డిస్కంలు తిరగదోడడం చెల్లదని, బకాయిలు పాత ధరకే చెల్లించాలని తీర్పు చెప్పింది.