సౌర విద్యుత్తుతో ఫ్రిజ్: ఖరగ్‌పూర్ ఇంటి లెక్క

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి తెలుగు కుటుంబాలు స్థిరపడిన ఊరు ఖరగ్‌పూర్. అక్కడైనా, మరెక్కడైనా డాబాపై సోలార్ పలకలు బిగిస్తే కరెంటు పోయినా ఫ్రిజ్ నడుస్తుందనుకుంటాం. కానీ గ్రిడ్‌తో కలిపిన, బ్యాటరీ లేని ఏర్పాటు సరఫరా ఆగగానే తానూ ఆగిపోతుంది. లైన్‌పై పనిచేసే సిబ్బందికి షాక్ తగలకుండా పెట్టిన రక్షణ అది. ఇన్సులిన్ దాచుకునే ఇంటికి ఈ తేడా ముఖ్యం.

కోతల్లోనూ ఫ్రిజ్ నడవాలంటే బ్యాటరీ కావాలి. 350 వాట్ల పలక 4 గంటల పూర్తి ఎండకు 1.4 యూనిట్లిస్తుంది. నష్టాలు పోను మిగిలే 1 యూనిట్ మామూలు ఇంటి ఫ్రిజ్‌కు ఒక రోజుకు సరిపోతుంది. వానాకాలపు మబ్బులకు 500 వాట్లు మేలు. 12 వోల్టుల, 150 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో 1.8 యూనిట్లుంటాయి. లెడ్-యాసిడ్ రకమైతే అందులో సగమే వాడాలి. అది ఒక రాత్రికి చాలు, రెండు రోజుల ముసురుకు చాలదు. కంప్రెసర్ మొదలయ్యేటప్పుడు మామూలు కంటే కొన్ని రెట్లు కరెంటు లాగుతుంది గనుక ఇన్వర్టర్‌కు ఆ సామర్థ్యం ఉండాలి.

2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం 2 కిలోవాట్లకు రూ.60 వేలు, 3 కిలోవాట్లు, ఆపైన రూ.78 వేలు రాయితీగా ప్రకటించింది. బిల్లు తగ్గుతుంది, బ్యాటరీ ఖర్చు మాత్రం వేరు.

టీకాల సౌర ఫ్రిజ్‌లలో కొన్ని బ్యాటరీ లేకుండా పగలు మంచు గడ్డకట్టించి, రాత్రి ఆ చల్లదనంతోనే నెట్టుకొస్తాయి. ఇంటి ఫ్రీజర్‌లో గడ్డకట్టిన నీళ్ల సీసాలు చేసే మేలూ అదే.