మొగిలి ఎక్కిన దండు, ఇంటి గడప

చిత్తూరు జిల్లా రామకుప్పానికి ఈశాన్యాన మొగిలి కనుమ, ఆగ్నేయాన ఆంబూరు. 1791 ఫిబ్రవరిలో టిప్పు సుల్తాను ఆంబూరు వైపు చూస్తుండగా, వేలూరు నుంచి బయల్దేరిన ఈస్టిండియా కుంపిణీ దండు మొగిలి ఎక్కి పలమనేరు సీమలో దిగింది. దాన్ని నడిపినవాడు గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్. మార్చి 21న బెంగళూరు కోట అతని చేతికి చిక్కింది.

పదేళ్ల ముందు ఈ కారన్‌వాలిసే అమెరికాలో, యార్క్‌టౌన్ దగ్గర ఓడి లొంగిపోయాడు. ఇంగ్లండు రాజు మీద అక్కడి జనం చేసిన ఫిర్యాదుల్లో తమ మధ్య సైనికులకు బస పెట్టడం ఒకటి. 1776 స్వాతంత్ర్య ప్రకటనలోనే అది ఉంది. కారన్‌వాలిస్ మొగిలి ఎక్కిన ఏడాదే, డిసెంబరు 15న, అమెరికా రాజ్యాంగ మూడో సవరణ అమల్లోకి వచ్చింది. శాంతికాలంలో యజమాని ఒప్పుకోనిదే సైనికుణ్ణి ఇంట్లో దించకూడదు; యుద్ధమొచ్చినా చట్టం చెప్పిన పద్ధతిలోనే దించాలి.

బస మీద ఆ కోపం ఎక్కడ రాజుకుంది? 1765 నాటి బ్రిటిష్ చట్టం సైనికులను కాపురాలున్న ఇళ్లలోకి పంపలేదు. బ్యారక్‌లు చాలకపోతే సత్రాలు, సారాయి దుకాణాలు, ఆపైన ఖాళీ ఇళ్లు. కానీ వంటచెరకు, కొవ్వొత్తులు, ఉప్పు, పరుపులు, వంటపాత్రలు, చివరికి తాగే బీరు కూడా ఊరివాళ్లే సమకూర్చాలి. తమను అడగకుండా వేసిన పన్నుగానే జనం దాన్ని చూశారు.

మన రాజ్యాంగంలో ఇలాంటి అధికరణం లేదు. ఉన్న రక్షణ చట్టాల్లో ఉంది. సైనిక విన్యాసాలపై 1938లో వచ్చిన చట్టం దళాలను పొలాల మీదుగా పోనిస్తుంది. పవిత్రంగా చూసే బావి, చెరువు, గుడి, శ్మశానం, నివాసపు ఇల్లు మాత్రం ముట్టుకోవద్దంటుంది. పంట తొక్కితే పరిహారం కట్టడానికి రెవెన్యూ అధికారి దళాల వెంటే నడవాలి.

1952లో స్థిరాస్తుల స్వాధీనంపై పార్లమెంటు చేసిన చట్టం ఇంకా సూటిగా మాట్లాడింది. యజమాని గానీ అతని కుటుంబం గానీ నిజంగా కాపురముంటున్న ఇంటిని ప్రభుత్వం తాత్కాలికంగానైనా తీసుకోరాదు. బడి, ఆసుపత్రి, అనాథాశ్రమం కూడా అంతే. ఎంతో విలువైన మాట. కానీ చట్టంలో అది ఒక మినహాయింపు మాత్రమే. మామూలు మెజారిటీతో చెరిపేయవచ్చు. ఆస్తి హక్కు 1978 సవరణతో ప్రాథమిక హక్కుల జాబితాలోంచి పోయింది కాబట్టి, గడప రక్షణను రాజ్యాంగంలోకే ఎక్కించడం అవసరం.

పైగా ఆ 1952 చట్టంలో అద్దె ఇంటివారి సంగతి వేరు. కనీసం రెండు నెలలుగా ఉంటున్నవారికి, అధికారికి తగినదనిపించిన మరో చోటు చూపించి ఇల్లు తీసుకోవచ్చు.