నోట దాచుకున్న గ్రంథం

మన సంఘం ఈ-సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి కావాలని కుర్రవాళ్ళు అడిగారు. రంప పితూరీ గురించో, కొమురం భీం గురించో రాస్తానని అనుకుని ఉంటారు. వాటి మీద నాకంటే బాగా రాయగలవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. నేను మాత్రం చదువు రాని మా అమ్మమ్మ దగ్గర మొదలుపెట్టి, పదహారు పదిహేడు వందల ఏళ్ళు వెనక్కి నడిచి, ఐగుప్తు దేశం దాకా వెళ్ళి వస్తాను. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, దారి కాస్త దూరం. ఓపిక పట్టండి.

అమ్మమ్మకు అక్షరం ముక్క రాదు. ఎండాకాలంలో తునికాకు కోసుకొచ్చి, మధ్యాహ్నం పందిరి కింద కూర్చుని యాభై ఆకులకో కట్ట కట్టేది. చేతులు వాటి పని అవి చేసుకుంటుంటే పెదవులు ఏదో గొణుగుతూ ఉండేవి. దగ్గరికి వెళ్ళి వింటే ఇరవై మూడో కీర్తన. ప్రార్థనకు వచ్చే పాస్టరుగారు చదువుతుంటే విని విని పట్టుకుంది. అదే కీర్తన నేను ఆదివారపు బడిలో కంఠతా చెప్పి స్టీలు గ్లాసు గెలుచుకున్నాను. ఇంటికి పరుగెత్తుకొచ్చి ఒక్క గుక్కలో అప్పజెప్పాను. అంతా విని, "బాగానే ఉంది గానీ అంత తొందరేం వచ్చిందిరా? కాపరి గొర్రెల్ని తోలుకెళ్తున్నాడా, తరుముతున్నాడా?" అంది.

అప్పుడు నాకు కోపం వచ్చింది. ఆమె చేస్తున్నదానికి చాలా పాత పేరు ఒకటుందని ఎన్నో ఏళ్ళ తర్వాత తెలిసింది.

ధ్యానం అనగానే మనకు కళ్ళు మూసుకుని, పలుకు లేకుండా కూర్చున్న మనిషి గుర్తొస్తాడు. బైబిలు మొదటి కీర్తనలోనూ, యెహోషువ గ్రంథం మొదటి అధ్యాయంలోనూ తెలుగులో 'ధ్యానించు' అని ఉన్నచోట హీబ్రూలో ఉన్న మాట 'హాగా'. అది మౌనం కాదు, చప్పుడు. యెషయా గ్రంథంలో పావురం మూలుగుకూ, దొరికిన వేట మీద నిలబడి సింహం చేసే గుర్రుకూ ఇదే మాట వాడారు. అంటే ధ్యానమంటే గొణగడం, సణగడం, నోట్లో నానబెట్టుకోవడం. కంఠస్థం చేయడం, ధ్యానించడం రెండు వేర్వేరు పనులని మనం అనుకుంటాం గానీ ఆ మాట పుట్టినచోట అవి ఒకటే పని. నోరు పలుకుతుంది, చెవి వింటుంది, మనసు నెమ్మదిగా వెనకే వస్తుంది.

ఈ పనిని ఒక జీవన విధానంగా మార్చినవాళ్ళు నాలుగో శతాబ్దపు ఐగుప్తు పల్లెజనం. వాళ్ళెవరో కొంచెం చెప్పాలి. అప్పటికి ఆ దేశం రోము ఏలుబడిలో ఉంది. కచేరీలోనూ, అలెగ్జాండ్రియా నగరంలోనూ గ్రీకు చెల్లేది. నైలు నది పొడుగునా పొలాలు దున్నేవాళ్ళది కోప్టిక్. గ్రీకు అక్షరాలు తీసుకుని, వాటితో పలకని శబ్దాలకు తమ పాత లిపిలోంచి ఆరేడు గుర్తులు కలిపి ఆ భాష రాసుకున్నారు. మన కోయనూ, సవరనూ తెలుగు అక్షరాల్లో రాసుకునేటప్పుడు మనం పడే తిప్పలు వాళ్ళూ పడ్డారన్నమాట. ఆ భాషలోకి లేఖనాలు రావడంతో, గ్రీకు రాని రైతుకు కూడా అవి తన నోటి మాటలయ్యాయి.

పకోమియస్ అలాంటి పల్లెవాడే. సుమారు 292లో ఎగువ ఐగుప్తులో, క్రైస్తవం తెలియని ఇంట్లో పుట్టాడు. ఇరవయ్యేళ్ళ వయసులో రోము సైన్యం బలవంతంగా పట్టుకుపోయింది. కొత్తగా పట్టుకొచ్చిన కుర్రాళ్ళను నిర్బంధంలో పెడితే, ఊళ్ళో క్రైస్తవులు ముక్కూ మొహం తెలియకపోయినా అన్నం తెచ్చి పెట్టారట. వీళ్ళెవరని అడగడంతో అతని కథ మొదలైంది. సైన్యం నుంచి బయటపడ్డాక బాప్తిస్మం తీసుకుని, 323 ప్రాంతంలో తబెన్నీసి అనే చోట ఒక మఠం కట్టాడు. 346 ప్రాంతంలో అంటురోగంతో చనిపోయేనాటికి అలాంటివి తొమ్మిది ఉన్నాయి. ఆడవాళ్ళ మఠానికి అతని చెల్లెలే పెద్ద.

మఠానికి అతను పెట్టిన కట్టుబాట్లను జెరోము 404లో లాటిన్‌లోకి తెచ్చాడు కాబట్టి అవి మనకు మిగిలాయి. కొత్తగా చేరినవాడికి ముందుగా ఇరవై కీర్తనలో, అపొస్తలుల పత్రికలు రెండో, లేఖనాల్లో మరో భాగమో నేర్పాలి. చదువు రాకపోతే నేర్పగలవాడి దగ్గరికి రోజుకు మూడుసార్లు వెళ్ళి నిలబడాలి. ఇష్టం లేకపోయినా సరే, చదవడం నేర్చుకోవాల్సిందే. కొత్త నిబంధన, కీర్తనల గ్రంథం, తక్కువలో తక్కువ ఈ రెండూ నోటికి రాని మనిషి మఠంలో ఉండకూడదు. ఈ కట్టుబాటును రెండోసారి చదివితే గానీ నాకు ఒక సంగతి తట్టలేదు. జ్ఞాపకం ఉంటే అక్షరం ఎందుకని అతను అనలేదు. అక్షరం వచ్చింది కదా, జ్ఞాపకం ఎందుకనీ అనలేదు. రెండూ ఒకేసారి అడిగాడు.

ఆ నేర్చుకున్నది ఎక్కడ వాడేవాళ్ళు? పనిలో. పిండి పిసికేటప్పుడు పక్కవాడితో కబుర్లు వద్దు, వాక్యం పలుకుతూనో, ఊరకనో ఉండాలి. రొట్టెల పలకలు పొయ్యి దగ్గరికి మోసేటప్పుడూ అంతే. ఏదైనా కావాలంటే నోటితో అడగకుండా సైగ చేయాలి. నారతో తాళ్ళు పేనుతూ, చాపలు, బుట్టలు అల్లుతూ పలుకుతూనే ఉండేవాళ్ళు. వీళ్ళలో నగరం నుంచి గ్రీకు మాట్లాడేవాళ్ళు వచ్చి చేరినప్పుడు పకోమియస్ మాట అర్థం కావడానికి దుబాసీలు కావాల్సి వచ్చింది. నగరంవాడు పల్లె భాష ముందు తెల్లమొహం వేయడం చరిత్రలో అరుదు. అందుకే ఈ ముక్క చదివి కాస్త సంతోషించాను, దాచుకోను.

అకిల్లాస్ అనే ముసలి సన్యాసి గురించి ఒక చిన్న కథ ఉంది. ఇద్దరు సన్యాసులు ఆయన్ని చూడబోయి తలుపు బయట ఆగారు. ఐగుప్తుకు వెళ్ళడానికి భయపడవద్దని దేవుడు యాకోబుకు చెప్పిన ఒక్క మాటే లోపల వినిపిస్తోంది. చాలాసేపు నిలబడి విన్నారు, మళ్ళీ మళ్ళీ అదే. లోపలికి వెళ్ళాక తెలిసింది, నిన్న సాయంత్రం నుంచి ఆయన అల్లుతూనే ఉన్నాడని. ఈ కథ చదివిన ప్రతిసారీ నాకు తునికాకు కట్టలు కళ్ళముందు కనిపిస్తాయి.

ఇదంతా ప్రశాంతంగా కూర్చుని చేసుకున్న పని మాత్రమే అనుకోకండి. పకోమియస్ కుర్రవాడిగా ఉన్న రోజుల్లో, 303లో, డయోక్లీషియన్ చక్రవర్తి క్రైస్తవుల ప్రార్థనా స్థలాలు కూల్చమని, వాళ్ళ గ్రంథాలు కాల్చమని ఆజ్ఞ ఇచ్చాడు. ఎందరినో గనుల్లోకి తోలారు. వాళ్ళలో యోహాను అనే ఐగుప్తువాడు ఒకడు. చూపు లేదు. అయినా కాలుతున్న ఇనుముతో అతని కన్ను కాల్చి, కాలు అవిటి చేశారు. కైసరయకు చెందిన చరిత్రకారుడు యూసేబియస్ అతన్ని స్వయంగా చూశాడు. జనం మధ్య నిలబడి ఒక గొంతు లేఖనాలు వినిపిస్తుంటే, మామూలుగా సభల్లో చదివినట్టే ఎవరో చదువుతున్నారనుకున్నాడట. దగ్గరికి వెళ్తే చూపున్నవాళ్ళందరూ చుట్టూ నిలబడి వింటున్నారు, మధ్యలో కళ్ళు లేనివాడు, చేతిలో ఏమీ లేదు. ధర్మశాస్త్రం, ప్రవక్తలు, సువార్తలు, పత్రికలు, ఎక్కడ అడిగితే అక్కడినుంచి పుస్తకాలకు పుస్తకాలే నోటివెంట వచ్చేవని యూసేబియస్ రాశాడు. గ్రంథాలు కాల్చమన్న చక్రవర్తి దగ్గర ఈ గ్రంథానికి మందు లేదు. చివరికి మనిషినే చంపారు.

అంతోని గురించి కూడా చెప్పాలి గానీ, అక్కడ కొంచెం జాగ్రత్త. సన్యాసులకు ఆదిపురుషుడు లాంటి అంతోని చదువు నేర్వలేదనీ, విన్నది ఒక్క మాట జారనీయకుండా పట్టుకోవడంతో జ్ఞాపకమే అతనికి పుస్తకాలయిందనీ అతనాసియస్ రాశాడు. అంతోనివని చెప్పే ఉత్తరాలు కొన్ని దొరికాయి. వాటిని చూసి, అతనికి చదువు వచ్చనే చరిత్రకారులు ఉన్నారు. భక్తుడి గొప్ప చెప్పాలనుకున్నప్పుడు 'చదువు రాకపోయినా' అన్న మాట కలిపితే రుచి పెరుగుతుంది కదా. మన పెద్దల గురించి రాసేవాళ్ళూ ఆ రుచి మరిగినవాళ్ళే.

పాంబో కథ ఇంకా గట్టిది. చదువు రాని పాంబో ఒకరి దగ్గరికి వెళ్ళి కీర్తన నేర్పమన్నాడు. ఆయన, మన బైబిల్లో ముప్పై తొమ్మిదోది అయిన కీర్తన ఎత్తుకున్నాడు. నాలుకతో పాపం చేయకుండా నా నడత చూసుకుంటాననే అర్థం వచ్చే మొదటి మాట వినగానే పాంబో లేచి, ప్రస్తుతానికి ఇది చాలు, చేయడం నేర్చుకుని వస్తానని వెళ్ళిపోయాడు. ఆరు నెలలు కనబడలేదు. ఎందుకు రాలేదని అడిగితే, అది ఇంకా పూర్తి కాలేదన్నాడు. చాలా కాలం తర్వాత మరొకరు అడిగితే, పంతొమ్మిదేళ్ళకు అతికష్టం మీద నేర్చుకున్నానన్నాడట. ఐదో శతాబ్దంలో సంఘ చరిత్ర రాసిన సోక్రటీస్ ఇది చెప్పాడు. పకోమియస్ మఠంలో అయితే ఇతన్ని ఉండనిచ్చేవాళ్ళు కాదేమో! ఒకచోట ఇరవై కీర్తనల లెక్క, ఇంకోచోట పంతొమ్మిదేళ్ళకు ఒక్క వాక్యం. రెండూ ఆ దేశంలోనే, దాదాపు ఆ కాలంలోనే. నా స్టీలు గ్లాసుకు ఈ రెండింటిలో ఏ లెక్కా సరిపోదు.

ఇక్కడితో ఆపితే వ్యాసం భక్తి వ్యాసం అవుతుంది. చరిత్రకు ఇంకో వైపు ఉంది. ఐగుప్తు పల్లెల్లో కొత్త వాక్యాలు నోట నిండుతున్న ఆ శతాబ్దంలోనే పాత గుళ్ళు ఒక్కొక్కటే మూతపడ్డాయి. పాత బొమ్మల లిపిలో మనకు తెలిసిన చివరి శాసనం ఫిలే ద్వీపంలోని గుడి గోడ మీద ఉంది. దాని తేదీ 394. ఆ తర్వాత ఆ లిపి చదవగలిగే మనిషి పద్నాలుగు వందల ఏళ్ళకు పైగా లేడు. ఆ గుళ్ళలో పాడిన పాటల రాగాలు ఈనాటికీ ఎవరికీ తెలియవు. కోప్టిక్‌కూ ఒక రోజు వచ్చింది. అరబిక్ ముందు అది ఇళ్ళలోంచి, బజారులోంచి మెల్లగా తప్పుకుంది. ఇప్పుడు అది బతికి ఉన్నది అక్కడి క్రైస్తవుల ఆరాధనలో, నోటికి వచ్చిన ప్రార్థనల్లో. అదీ పకోమియస్ మాట్లాడిన ఎగువ యాస కాదు, దిగువ ప్రాంతపు యాస.

మన గూడేల్లో జ్ఞాపకం అంటే డోలీలు. పగిడె విప్పి, డోలు కొట్టి, ఏ గట్టు వాళ్ళకు ఆ గట్టు వేల్పుల కథ చెప్పే మనుషులు. సమ్మక్క సారలమ్మల కథ నోటితో మోసిన సకిని రామచంద్రయ్యగారికి 2022లో పద్మశ్రీ వచ్చినప్పుడు మనమంతా వాట్సాప్‌లో ఫొటోలు పెట్టుకున్నాం. ఆయన పాడిన కథలో పది వరుసలు నోటికి వచ్చినవాళ్ళు మనలో ఎందరో లెక్క వేయబోతే నాకే సిగ్గేసింది. అటు గోదావరి ఒడ్డున దుమ్ముగూడెంలో పంతొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషన్ వెలిసింది. అక్కడి మిషనరీ జాన్ కెయిన్ 1881లో కోయల గురించి లండన్ పత్రికలో వ్యాసం రాశాడు. ఆ శతాబ్దం ముగిసేలోపే లూకా సువార్త కోయలో అచ్చయింది. అయినా మా అమ్మమ్మ కీర్తన నేర్చుకున్నది తెలుగులోనే, అదీ ఇంట్లో ఎవరూ మాట్లాడని గ్రాంథిక తెలుగులో. ఆమె దాన్ని తన యాసలోకి తిప్పుకుని, కష్టమైన క్రియలన్నీ అరగదీసి పలికేది. ఆదివారపు బడిలో అలా చెబితే గ్లాసు ఇచ్చేవాళ్ళు కాదు.

అమ్మమ్మకు ఇంకో నిధి కూడా ఉండేది. పెళ్ళిళ్ళలో, పండగల్లో పాడే రేల పాటలు తెల్లవార్లూ పాడినా తరిగేవి కావట. బాప్తిస్మం తీసుకున్నాక మానేసింది. మానమని ఎవరు చెప్పారో, అసలు ఎవరైనా చెప్పారో లేదో నాకు తెలియదు. నేను అడగలేదు. ఆమె పోయింది. కీర్తనకు ఏ లోటూ రాలేదు, ప్రతి ఇంట్లో బైబిల్లో అచ్చుగా ఉంది. ఆ పాటలు మాత్రం ఆమె నోట తప్ప ఎక్కడా లేవు.

పోయిన సంక్రాంతికి మా పెద్దమ్మ దగ్గర కూర్చుని ఫోనులో రికార్డింగ్ పెట్టాను. ఆవిడ కూడా ప్రార్థనకు వెళ్తుంది. మొదట నవ్వి, ఎవరైనా వింటున్నారేమోనని గడప వైపు చూసింది. తర్వాత విస్తరాకులు కుట్టుకుంటూ ఎత్తుకుంది. రెండు పాటలు పూర్తిగా వచ్చాయి. మూడోదాంట్లో నడుమ నాలుగు వరుసలు గుర్తు రాలేదు. అక్కడ మాటలు లేకుండా రాగం మాత్రం తీస్తూ, పుల్ల గుచ్చుతూ, చివరి వరుస అందేదాకా ఆపకుండా గొణిగింది.