రాయబారం: మాటతో మోసే బరువు

చిత్తూరు వైపు పల్లెల్లో ధర్మరాజుల గుడి దగ్గర భారతం ఉత్సవం మొదలైతే పగలు హరికథ, రాత్రి నాటకం. 'కృష్ణ రాయబారం' ఆడే రాత్రి తెల్లవార్లూ జనం కదలరు.

'రాయ' అంటే రాజు. 'బారం' మన భారమే. రాజు పనిని తలకెత్తుకొని వెళ్లేవాడు రాయబారి. కన్నడంలోనూ రాయభారి అనే అంటారు. పక్కనే తమిళంలో మాత్రం 'తూదు'. ఆ మాటతోనే కంచిలో కృష్ణుడు పాండవదూత పెరుమాళ్‌గా కొలువై ఉన్నాడు.

ఉద్యోగపర్వంలో ద్రుపదుడి పురోహితుడు, సంజయుడు, చివరకు కృష్ణుడు రాయబారం నడిపారు. పాండవులు ఐదూళ్లిచ్చినా చాలన్నారు. సూదిమొన మోపినంత నేల కూడా ఇవ్వనన్నాడు దుర్యోధనుడు. ఆ మొండితనానికి ఫలితం ఉత్సవం చివర కళ్లెదుట కనిపిస్తుంది: నేలమీద పడుకోబెట్టిన మట్టి దుర్యోధనుడు, తొడ మీద భీముడి గద దెబ్బ, ఎర్రనీళ్లు, విరబోసిన జుట్టు ముడివేసుకునే ద్రౌపది.

ఇవాళ దేశాలకు రాయబార కార్యాలయాలున్నాయి. ఊళ్లో అన్నదమ్ముల భాగాలు తెగనప్పుడు, పెళ్లి మాటలు ఆగిపోయినప్పుడు పెద్దమనిషి నడిపేదీ రాయబారమే. పని కాకపోయినా ఆ వెళ్లిరావడం వృథా కాదు. కయ్యానికి ముందు ఒక్కసారి అడిగి చూడటం ధర్మమని ఈ మాట గుర్తుచేస్తూనే ఉంటుంది.