గుహలో ముందు దూరిన మనిషి

2006లో నేను ఎస్.ఆర్. నగర్‌లో ఒక లేడీస్ హాస్టల్లో ఉండేదాన్ని. ఉమేష్‌చంద్ర విగ్రహం దగ్గర బస్సు దిగి లోపలికి నడిస్తే కరెంటు స్తంభాలకీ, గోడలకీ, చెట్లకీ కూడా కోర్సుల కాగితాలే. ఒరాకిల్, జావా, సాప్, మాయా. యూనివర్సిటీ హాస్టల్లో సీటు దొరకలేదని ఏడుపు మొహంతో వచ్చాను గానీ, నా పరిశోధనకు విషయం అక్కడే దొరికింది. గదిలో నలుగురం. ఇద్దరు అమీర్‌పేటలో ఏదో ఒకటి నేర్చుకుంటున్నవాళ్ళు. వరంగల్ వైపు నుంచి వచ్చిన అమ్మాయి మాత్రం త్రీడీ బొమ్మలు చెయ్యడం నేర్చుకుని, విదేశీ వీడియో గేములకు బొమ్మలు చేసిపెట్టే ఒక కంపెనీలో అప్పుడే చేరింది.

"ఏం చేస్తున్నావు అక్కడ?" అనడిగితే, "రాళ్ళు చేస్తున్న అక్కా. పొద్దుగాల నుంచి రాత్రి దాకా రాళ్ళే" అంది.

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. రాయి ఎలా చేస్తారో మంచం మీద కూర్చుని చెప్పింది. కంప్యూటర్లో రాయంటే చిన్న చిన్న త్రిభుజాల కూర్పు. త్రిభుజాలు ఎక్కువైతే ఆట నెమ్మదిస్తుంది, తక్కువైతే రాయి డబ్బాలా కనిపిస్తుంది. ఒకే రాయిని నాలుగు వైపుల నుంచి నాలుగు రాళ్ళలా కనిపించేట్టు చెయ్యాలి. అంతా అయ్యాక ఎవడో తుపాకీ పట్టుకుని ఆ రాయి పక్కనుంచి అర సెకనులో పరిగెత్తిపోతాడు. ఆటలో ఈమె పేరు ఎక్కడా ఉండదు.

ఇదే నా పిహెచ్.డి. అనుకున్నాను. మా గైడు "ఆటల మీద పిహెచ్.డి. ఏమిటమ్మా! సినిమా అంటే ఎలాగో సర్దుకుంటాం" అన్నారు. ఇంతకు ముందు ఎవరైనా చేశారని చూపిస్తే ఒప్పుకుంటారేమోనని వెతకడం మొదలుపెట్టాను.

అలా దొరికిన మొదటి పేరు మేరీ ఆన్ బకల్స్. 1985లో శాన్‌డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 'అడ్వెంచర్' అనే కంప్యూటర్ ఆట మీద ఆవిడ డాక్టరేటు తీసుకున్నారు. కంప్యూటర్ ఆటల మీద వచ్చిన తొలి డాక్టరేటుగా ఇప్పుడు దాన్నే చెప్పుకుంటారు. ఆవిడది జర్మన్ సాహిత్యం. కథ చదివేవాడు తానే కథలోకి దిగి నడిస్తే దాన్ని ఏ ప్రక్రియ అనాలి అన్నది ఆవిడ ప్రశ్న. తొలినాటి సినిమాను చూసినట్టుగా దీన్నీ పుడుతున్న ఒక కొత్త మాధ్యమంగా చూడమన్నారు. ఆ మాట అందుకునే మనిషి అప్పటి సాహిత్య విభాగాల్లో కరువయ్యారు. ఆవిడ చదువుల లోకం వదిలేసి మసాజ్ థెరపిస్టుగా బతికారు. ఆటల అధ్యయనానికి ఒక పత్రిక రావడానికి 2001 దాకా, అంతర్జాతీయ సంఘం ఏర్పడడానికి 2003 దాకా పట్టింది. అప్పటికి ఆవిడ ఆ దారిలోనే లేరు.

ఆ 'అడ్వెంచర్' కథ ఇంకా లోతు. ఆట రాసినాయన విల్ క్రౌథర్. ఇంటర్నెట్‌కు మూలమైన ఆర్పానెట్ మీద పనిచేసిన ప్రోగ్రామరు. ఆటలో ఉన్న గుహ ఊహించినది కాదు, అమెరికాలో కెంటకీలోని మామత్ గుహల్లోది. భార్యాభర్తలిద్దరూ ఆ గుహల్ని కొలిచి పటాలు గీసినవాళ్ళే. భార్య పాట్ క్రౌథర్ కూడా ప్రోగ్రామరే. ఫ్లింట్ రిడ్జ్ గుహలు మామత్ గుహలతో కలుస్తాయా అని ఏళ్ళ తరబడి వెతుకుతున్న బృందానికి 1972లో ఒక చోట దారి ఇరుకైపోయింది. ఆ సందులో ముందు దూరింది సన్నగా ఉన్న పాట్. ఆ సెప్టెంబరు 9న రెండు గుహలూ కలుస్తాయని తేల్చిన బృందంలో ఆవిడా ఉన్నారు. తర్వాత భార్యాభర్తలు విడిపోయారు. దూరమైన ఇద్దరు కూతుళ్ళు ఆడుకుంటారని విల్ 1975-76 ప్రాంతంలో ఈ ఆట రాశారు. 1977లో డాన్ వుడ్స్ దాన్ని పెంచారు. ఆట చరిత్రలో ఈ ఇద్దరు మగవాళ్ళ పేర్లూ స్థిరపడ్డాయి. పాట్ పేరు చాలాకాలం 'విడిపోయిన భార్య'గానే వచ్చేది. గుహలో పాకిన మనిషి ఆటలోకొచ్చేసరికి ఒక దుఃఖకారణంగా మిగిలిపోయింది!

నాకు తేదీలు పక్కపక్కన పెట్టి చూసుకునే అలవాటుంది. బకల్స్ సిద్ధాంతవ్యాసం వచ్చిన 1985లోనే హైదరాబాదులో అన్వేషి మొదలైంది. మరుసటేడు స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చింది. తెలంగాణ పోరాటంలో ఉన్న ఆడవాళ్ళ దగ్గర కూర్చుని, వాళ్ళ నోటి మాటలోనే చరిత్ర రాసిన పుస్తకం. ఒకరికొకరు తెలియని ఈ ఆడవాళ్ళు రెండు చోట్ల చేసిన పని ఒకటే అనిపించింది నాకు, విద్యాశాలలు పరిశోధనే కాదన్నదాన్ని పరిశోధించడం. నా పద్ధతి అక్కడ కుదిరింది. ఆటను కాదు, ఆట చేసే అమ్మాయిల్ని అడగాలి.

కానీ వాళ్ళు కంపెనీ గేటు లోపల ఉన్నారు. లోపలికి వెళ్ళిన పరిశోధకురాలు ఎవరా అంటే బ్రెండా లారెల్. నాటకరంగం చదివి, అటారీ కంపెనీలో పనిచేసి, 1986లో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు చేశారు. అరిస్టాటిల్ నాటక సూత్రాల్ని కంప్యూటరుకు అన్వయించడం ఆవిడ ప్రయత్నం. తర్వాత ఇంటర్వల్ రిసెర్చ్ అనే సంస్థ డబ్బుతో, అమ్మాయిలు ఆటల్లో ఏం కోరుకుంటారని వెయ్యి మందికి పైగా పిల్లలతో మాట్లాడారు. ఆ పరిశోధనలోంచి 1996లో పర్పుల్ మూన్ కంపెనీ పుట్టింది. స్కూలు, స్నేహాలు, అలకలు, ఇవే దాని ఆటలు. అమ్మాయిలంటే ఇంతేనా అని స్త్రీవాదులూ విమర్శించారు, అదీ న్యాయమే. అదే ఏడు బార్బీ బట్టల డిజైన్ ఆట లక్షల్లో అమ్ముడుపోయింది. 1999లో పర్పుల్ మూన్ మూతపడింది, కొనుక్కున్నది బార్బీ కంపెనీ మాటెల్. పిల్లలు మనసు విప్పి చెప్పిన మాటలు పరిశోధనగా మొదలై సరుకుగా ముగిశాయి. అయినా ఆవిడను తప్పుపట్టలేను. అడిగినవాళ్ళలో ఆవిడే ముందు.

నా వంతు వచ్చింది. ఒక కంపెనీ (పేరు అనవసరం) లోపలికి రానిస్తామంది. ఒక కాగితం మీద సంతకం పెట్టమంది. ఏ ఆట, ఎవరి కోసం అన్నది రాయకూడదు, రాసిన ప్రతి పేజీ ముందు వాళ్ళకు చూపించాలి. పరిశ్రమతో కలిసి పరిశోధన అంటే మా విభాగంలో మురిసిపోయారు. సంతకం పెట్టాను. నెలన్నర తిరిగి రెండు అధ్యాయాలు ఇచ్చాను. తిరిగొచ్చిన కాగితాల్లో పని గంటలు కొట్టేసి ఉన్నాయి. రాత్రి పదింటి తర్వాత అమ్మాయిల్ని దింపే క్యాబ్ గురించి రాసింది కొట్టేసి ఉంది. మిగిలినవి రాళ్ళు చేసే విధానం, కంపెనీ నినాదం.

2004లో అమెరికాలో ఎరిన్ హాఫ్‌మన్ అనే ఆమె, ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌లో పనిచేసే తన కాబోయే భర్త పడే చాకిరీ గురించి పేరు పెట్టకుండా ఒక ఉత్తరం రాసింది. ఆ కంపెనీ ఓవర్‌టైమ్ కేసుల్లో కళాకారులకు 2005లో 1.56 కోట్ల డాలర్లు, ప్రోగ్రామర్లకు 2006లో 1.49 కోట్ల డాలర్లు ఇచ్చి రాజీ చేసుకుంది. ఏ సిద్ధాంతవ్యాసమూ చెయ్యని పని అది. ఆమె ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు కదా అని అప్పట్లో కుళ్ళుకున్నాను.

ఆ అధ్యాయాలు వెనక్కి తీసుకున్నాను. చివరికి నా డాక్టరేటు కథానికల మీద అయింది. హాస్టల్ డాబా మీద రాత్రుళ్ళు ఆ అమ్మాయిలు చెప్పింది మాత్రం ఒక నోటుబుక్కులో ఉండిపోయింది.

2008లో హైదరాబాదు ఎఫ్‌ఎక్స్‌ల్యాబ్స్ 'అగ్ని: క్వీన్ ఆఫ్ డార్క్‌నెస్' అనే ఆట తెచ్చింది. మన ఊళ్ళో తయారైన ఆటలో ఆడమనిషి నాయిక! ప్రచారానికి మలైకా అరోరా. ఆమె కొలతల గురించి వచ్చినన్ని మాటలు ఆ బొమ్మను చేసినవాళ్ళ గురించి రాలేదు. అదే ఏడు కేసీ ఓడానెల్ అనే పరిశోధకుడు అమెరికా, భారతదేశాల్లో గేముల తయారీ మీద డాక్టరేటు పూర్తి చేశారు. 2014లో అది పుస్తకమైనప్పుడు దాని పేరులోనే 'రహస్య ప్రపంచం' అన్న మాట ఉంది. నేను తల బాదుకున్న గోడ నా ఒక్కదానిదే కాదన్నమాట. 2014లోనే బ్రిటన్‌లో యార్క్, ఎసెక్స్, గోల్డ్‌స్మిత్స్ కలిసి ఆటల మీద ప్రత్యేకంగా డాక్టరేటు శిక్షణ కేంద్రం పెట్టాయి. పరిశ్రమలో కొంతకాలం పనిచెయ్యడం అక్కడ చదువులో భాగం. నాకు దొరకనిది ఈ పిల్లలకు దొరుకుతోందని సంతోషమే. కాకపోతే ఎవరైనా అమ్మాయి వచ్చి సలహా అడిగితే ఒకటే అడుగుతాను, నీ ఆఖరి అధ్యాయం ముందు ఎవరు చదువుతారు?

ఈ మధ్య ఎస్.ఆర్. నగర్ వెళ్ళాను. 2017లో మెట్రో వచ్చాక రోడ్డు మీద ఎప్పుడూ నీడే. హాస్టల్ ఉన్నచోట ఇంకో హాస్టల్ ఉంది. అక్కణ్ణుంచే వరంగల్ అమ్మాయికి ఫోన్ చేశాను. ఇప్పుడు వాళ్ళ ఊరి దగ్గర స్కూల్లో కంప్యూటర్ టీచరు.

"ఆ బుక్కు ఉందా అక్కా ఇంకా? అయితే రాస్కో" అని తను చేసినవన్నీ చెప్పింది. రాళ్ళు నలభై దాకా. విరిగిన వంతెన ఒకటి, తలుపులు రెండు, ఒక బావి. "బావి గిరక మా అమ్మమ్మోళ్ళింట్ల గిరకే అక్కా. ఫోటో ఇయ్యలే వాళ్ళు. యాద్‌కున్నది చేసిన."

ఏ ఆటలో అనడిగాను. తనకూ తెలియదట. కంపెనీలో ప్రతి ఆటకూ ఒక దొంగపేరు ఉండేదట, అసలు పేరు చెప్పేవాళ్ళు కాదట. ఇప్పుడు కొడుకు పాత ఆటలు పెట్టుకుని ఆడుతుంటే వెనకాల నిలబడి చూస్తుందట. ఇంతవరకు ఆ బావి కనపడలేదు.