అప్నీ దగ్గరి ఇటుకల మేడ

తూర్పు లండన్‌లోని మా బార్కింగ్‌లో ఈస్ట్‌బరీ మేనర్ హౌస్ అనే పాత మేడ పేరెత్తితే ఎవరైనా ముందు చెప్పేది 1605 నాటి తుపాకీమందు కుట్ర కథే. పార్లమెంటును పేల్చెయ్యడానికి గై ఫాక్స్ బృందం ఈ ఇంట్లోనే మంతనాలాడిందంటారు. పేలుడు చూడాలని బురుజెక్కి కాచుకున్నారని కూడా అంటారు. దానికి ఆధారమంటూ లేదు. అప్పట్లో ఇక్కడ అద్దెకున్న కుటుంబానికీ, కుట్రదారుల్లో ఒకడైన ఫ్రాన్సిస్ ట్రెషామ్ ఇంటివాళ్ళకీ వియ్యం ఉంది. కథకున్న ఊతం అంతే. ఆ కథ మోజులో పడి ఇంటిని చూడకుండానే వెళ్ళిపోతున్నారని నా బాధ.

ఈ నేల ఒకప్పుడు బార్కింగ్ అబ్బే అనే క్రైస్తవ మఠానిది. ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ మఠాలను రద్దు చేసే రోజుల్లో, 1539లో, అబ్బే మూతపడింది. దాని రాళ్ళను ఊడబెరికి థేమ్స్ దాటించి, డార్ట్‌ఫర్డ్‌లో రాజుగారు కట్టుకుంటున్న ఇంటికి తరలించారు. భూములు మాత్రం చేతులు మారుతూ డబ్బున్నవాళ్ళకు చేరాయి. 1556లో క్లెమెంట్ సిస్లీ అనే సంపన్న వర్తకుడు ఈస్ట్‌బరీని కొన్నాడు. ఇల్లు పూర్తయింది 1573 ప్రాంతంలో.

బార్కింగ్ అప్పట్లో ఎసెక్స్‌లో ఉండేది. ఎసెక్స్‌లో కట్టుబడికి పనికొచ్చే రాయి దొరకదు, బంకమట్టికి మాత్రం కొదవ లేదు. అందుకే ఇల్లంతా ఎర్ర ఇటుక. గోడకు దగ్గరగా వెళ్ళి చూడండి. బట్టీలో మంట ఎక్కువ తగిలి నల్లబడ్డ ఇటుకల్ని పారెయ్యకుండా, వాటి తలలు బయటికి కనబడేట్టు పేర్చి డైమండ్ గళ్ళు తీశారు. కిటికీల నిలువు కమ్మీలూ అడ్డ కమ్మీలూ రాతివి కావు. ఇటుకతో కట్టి, రాయిలా కనబడాలని పైన సున్నం పూత పూశారు. రాయి తెప్పించుకునే ఖర్చు లేకుండానే రాతి ఇంటి దర్జా తెచ్చిన మేస్త్రీల పనితనం అది. వాళ్ళ పేర్లు మనకు దక్కలేదు.

ఇంటి నమూనా ఇంగ్లీషు హెచ్ అక్షరం. పాతకాలపు మేనర్లలో, అంటే జమీందారీ ఇళ్ళలో, హాలు పైకప్పుదాకా తెరిచే ఉండేది. ఇక్కడ హాలు మీద మిద్దె వేసి, పైన యజమాని అతిథుల్ని కూర్చోబెట్టే పెద్ద గది కట్టారు. పనివాళ్ళూ దొరలూ ఒకే కప్పు కింద కలిసి భోంచేసే రోజులు పోతున్నాయని ఆ మిద్దె చెబుతుంది. పైగదిలో పదిహేడో శతాబ్దం తొలినాళ్ళ గోడ చిత్రాలు కొన్ని మిగిలాయి: మెలితిరిగిన స్తంభాలు, వాటి నడుమ సముద్రం, చేపలు పట్టేవాళ్ళు. రంగు వెలిసింది, గీత మాత్రం చెక్కుచెదరలేదు.

నాకు ప్రాణం మాత్రం బురుజులోని మెట్లమీదే. దిట్టమైన ఓక్ చెక్కలు నడిమి స్తంభం చుట్టూ తిరుగుతూ పైకి పోతాయి. లోపలి ముంగిలి మూలల్లో ఇలాంటి బురుజులు రెండుండేవి, ఇప్పుడు ఒకటే ఉంది.

తరవాత కాలంలో ఇల్లు రైతుల చేతికొచ్చింది. వాళ్ళకు కావలసింది పొలం, మేడ శిథిలమైపోయింది. చుట్టూ పొలాలు ప్లాట్లవుతున్న రోజుల్లో దీన్నీ కూల్చేసేవారే. పాత కట్టడాల రక్షణ సంఘం పట్టుబట్టి ఉద్యమం చేసింది. 1918లో ఇల్లు నేషనల్ ట్రస్టు చేతికొచ్చింది. ఇప్పుడు స్థానిక కౌన్సిలు నడుపుతోంది. దీనికి అత్యున్నత శ్రేణి (గ్రేడ్ వన్) కట్టడంగా చట్టరక్షణ కూడా ఉంది.

లండన్ మెట్రో డిస్ట్రిక్ట్ లైన్లో అప్నీ స్టేషను దగ్గర దిగితే కొద్ది నిమిషాల నడక. తెరిచే రోజులు మారుతుంటాయి, కనుక్కుని రండి. పిల్లలకు కుట్ర కథ చెప్పినా సరే, ఆ నల్ల ఇటుకల గళ్ళు కూడా చూపించండి.