గోల్ఫ్ హ్యాండికాప్ స్కోరు నమోదు

గోల్ఫ్ హ్యాండికాప్ అనగా గోల్ఫ్ ఆటగాని సామర్థ్యాన్ని తెలిపే సంఖ్య. నైపుణ్యంలో హెచ్చుతగ్గులున్న ఇద్దరు సమాన అవకాశంతో పోటీపడటానికి ఇది ఉపయోగపడుతుంది. హ్యాండికాప్ ఎక్కువగా ఉన్నవారికి ఎక్కువ స్ట్రోకుల (దెబ్బల) మినహాయింపు లభిస్తుంది. ఆటగాడు సమర్పించిన స్కోర్ల నుండే ఈ సంఖ్యను లెక్కిస్తారు కనుక, స్కోర్ల నమోదులో నిజాయితీ లోపిస్తే మినహాయింపుకు అర్థముండదు.

ఉత్తరాంధ్రలో ఈ ఆటకు పాత కేంద్రం విశాఖపట్నంలోని ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్. ఇది 1884లో ఏర్పడింది. ప్రపంచంలో వాడుకలో ఉన్న ఆరు వేర్వేరు హ్యాండికాప్ విధానాల స్థానంలో 2020లో ప్రపంచ హ్యాండికాప్ విధానం వచ్చింది.

గణన

ప్రతి రౌండు స్కోరు నుండి మొదట కోర్సు రేటింగును (నిపుణుడైన ఆటగాడు ఆ మైదానంలో సాధించగల స్కోరు) తీసివేస్తారు. వచ్చినదాన్ని 113తో గుణించి, మైదానపు స్లోప్ రేటింగుతో భాగిస్తారు. దీనిని స్కోరు డిఫరెన్షియల్ అంటారు. ఉదాహరణకు కోర్సు రేటింగు 71.2, స్లోప్ 125 అయితే 90 స్ట్రోకుల రౌండుకు డిఫరెన్షియల్ 17.0. అదే రౌండును 97 అని రాస్తే 23.3 అవుతుంది. చివరి 20 రౌండ్లలో ఉత్తమమైన 8 డిఫరెన్షియళ్ళ సగటే హ్యాండికాప్ ఇండెక్స్. దీని గరిష్ఠ పరిమితి 54.0.

ఒక్క హోల్ (గుంత) వద్ద జరిగిన అనర్థం మొత్తం స్కోరును పాడుచేయకుండా పరిమితి ఉంది. పార్‌కు రెండు, ఆ హోల్‌లో లభించే మినహాయింపు స్ట్రోకులు కలిపితే వచ్చేదే గరిష్ఠం. పార్ 4 హోల్‌లో ఒక స్ట్రోకు మినహాయింపు గలవాడు 11 కొట్టినా, హ్యాండికాప్ లెక్కకు 7 మాత్రమే తీసుకుంటారు.

అక్రమాలు, నియంత్రణ

పోటీలో లాభపడటానికి హ్యాండికాప్‌ను కావాలని పెంచుకోవడాన్ని శాండ్‌బ్యాగింగ్ అంటారు. ఉత్తమమైన ఎనిమిదే లెక్కకు వస్తాయి గనుక ఒక్క స్కోరును పెంచి రాసినందువల్ల పెద్దగా ప్రయోజనం ఉండదు. మంచి స్కోర్లను అసలు సమర్పించకపోవడమే అసలైన మోసం, పట్టుకోవడం కూడా కష్టం. అందుచేతనే ఒంటరిగా ఆడిన రౌండు చెల్లదు. తోటి ఆటగాడు మార్కరుగా ఉండి స్కోరును ధ్రువీకరిస్తాడు. ఇండెక్స్ గత 365 రోజుల కనిష్ఠం కంటే 3.0కు మించి పెరిగితే, ఆపై పెరుగుదల సగానికి తగ్గుతుంది. 5.0 దాటి పెరగనివ్వరు. డిఫరెన్షియల్ తన ఇండెక్స్ కంటే 7.0 లేక అంతకన్నా తక్కువగా వస్తే ఇండెక్స్ వెంటనే తగ్గుతుంది. స్కోర్లను దాచినట్లు తేలితే క్లబ్ హ్యాండికాప్ కమిటీ ఇండెక్స్‌ను సవరించగలదు.

స్కోరును ఆడిన రోజే సమర్పించాలి. విశాఖ వంటి తీర నగరంలో ఈ నియమానికి ప్రత్యేక ప్రాధాన్యముంది. గాలి బలంగా వీచిన రోజున అందరి స్కోర్లు పెరుగుతాయి. ఆ రోజు ఆ మైదానంలో కనీసం ఎనిమిది అర్హమైన స్కోర్లు చేరితేనే వాతావరణ సవరణను (−1 నుండి +3 వరకు) లెక్కిస్తారు. మరుసటి రోజుకు వాయిదా వేసినవారి స్కోర్లు ఆ లెక్కలో చేరవు. ఫలితంగా తోటివారికి న్యాయంగా రావలసిన సవరణ రాకపోవచ్చు.